ఇంటర్‌ప్రెటర్ అమ్ముడుపోయింది

కప్పు చేతిలోంచి జారి నేల మీద పడ్డాక కూడా మేస్త్రీ ఒక్క క్షణం నిలబడే ఉన్నాడు.

సీసీ కెమెరా రికార్డింగ్‌లో శబ్దం లేదు. డ్యామ్ ఆఫీసు కాంటీన్. కాఫీ అందించిన పనిమనిషికి మేస్త్రీ లేచి నిలబడి తల వంచి థాంక్స్ చెప్పడం కనిపిస్తోంది. రెండు గుటకలు వేశాడు. చెయ్యి గొంతు మీదికి వెళ్లింది. పక్క బల్ల దగ్గర తోలు గ్లవ్స్ వేసుకున్న పొడుగాటి మనిషి తాపీగా లేచి, కుర్చీ సర్ది, బయటికి నడిచాడు. మేస్త్రీ గోడకి ఆనుకుని కిందికి జారుతూ జేబులోంచి ఫోన్ తీశాడు. బొటనవేలు కాసేపు కదిలి ఆగిపోయింది.

బాబాయ్ రికార్డింగ్ ఆపాడు.

ఆయన నిజానికి ఎవరికీ బాబాయ్ కాదు. సీక్రెట్ సర్వీస్ చీఫ్. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం "సార్" అంటారు, తిట్లు తిన్నాక "బాబాయ్" అనడం మొదలుపెడతారు. ఆయనకి ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌కి సర్వీస్ పెట్టిన పేరు సెమికోలన్. ఒకప్పుడు సీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసి పొట్టపోసుకున్న మనిషి. ఆ భాషలో వాక్యం సెమికోలన్‌తో ముగుస్తుంది. ఇతని చేతికొచ్చిన కేసులు కూడా ఇతనితోనే ముగుస్తాయని బాబాయ్ నమ్మకం. ఇవాళ మాత్రం ఆ నమ్మకం ఆయన మొహంలో లేదు.

"మేస్త్రీ ఆఖరి మెసేజ్. చదువు."

సెమికోలన్ చదివాడు. 'ఇంటర్‌ప్రెటర్ అమ్ముడుపోయింది. లోపలే ఉంది. గేట్లు'. అంతే. వాక్యం పూర్తి కాకుండానే మనిషి పూర్తయ్యాడు.

మేస్త్రీ అన్నదీ సర్వీస్ పెట్టిన పేరే. ఇద్దరూ ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో ఒకే గది. ఏడవడానికి ఈ ఉద్యోగంలో సెలవివ్వరు కాబట్టి మెసేజ్‌నే మళ్లీ చదివాడు.

"ఎవరా ఇంటర్‌ప్రెటర్?"

బాబాయ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. ఊదారంగు పట్టు స్కార్ఫ్, నల్లకళ్లద్దాలు, మోకాలి దాకా కోటు. ఫొటోలో ఉండి కూడా ఎదుటివాడిని అంచనా వేస్తున్నట్టుంది ఆ నవ్వు.

"డ్యామ్ గేట్లకి కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చింది ఒక విదేశీ కంపెనీ. ఇవాళే హ్యాండోవర్. కంపెనీ వాళ్లకి మన భాష రాదు, మనవాళ్లకి వాళ్లది రాదు. మధ్యలో మాటలు మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్ ఈమె. అందరూ దుబాసీ అంటారు. కంపెనీ వెనకాల ఉన్నది సాలెగూడు."

సాలెగూడు పేరు వినగానే సెమికోలన్ నిటారుగా కూర్చున్నాడు. ఆ ముఠా ఏ దేశానికీ చెందదు, డబ్బిచ్చే ప్రతి దేశానికీ చెందుతుంది.

"డ్యామ్ కింద మన ఆర్మీ డిపో ఉంది. వాళ్లకి కావలసింది అది. గేట్లన్నీ ఒకేసారి లేస్తే డిపో ఉండదు."

"డిపోకి ముందు ఊరుంది బాబాయ్."

"ఊరు దారిలో ఉంది. వాళ్ల లెక్కలో అంతే."

ఆ ఊళ్లో, ఏటి ఒడ్డునే సెమికోలన్ అక్క ఇల్లు. అక్క, బావ, కవల పిల్లలు, మంచం దిగలేని అత్తగారు. కబురు అందినా ఆ ముసలావిడని మెట్లు దించేసరికే నీళ్లు గుమ్మంలో ఉంటాయి.

"ఊరు ఖాళీ చేయిద్దాం."

"మొదలెట్టిన మరుక్షణం వాళ్లు తొందరపడతారు. మన ఫోన్లలో వాళ్ల చెవులున్నాయి. మీ అక్కకి ఫోన్ చేశావంటే ఊరిని నువ్వే ముంచినట్టు." బాబాయ్ గొంతు తగ్గించాడు. "పొద్దుట్నుంచీ పైన వాన. మధ్యాహ్నానికల్లా నీళ్లు ప్రమాదం గుర్తు ఎర్ర గీత దాకా వస్తాయి. వాళ్లు ఎదురుచూసేది దానికోసమే. దుబాసీ కంట్రోల్ రూమ్ గుమ్మం దాటకూడదు. మాటతో ఆగితే సరే. ఆగకపోతే ఇది తీసుకో."

ఇచ్చింది ఒక మామూలు బాల్ పాయింట్ పెన్ను. బటన్ ఒకసారి నొక్కితే రాస్తుంది. రెండుసార్లు నొక్కితే సూది బయటికొస్తుంది. ఆ సూది తగిలినవాళ్లు మళ్లీ ఏమీ రాయరు.

*

ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న సౌకర్యం ఏమిటంటే ఎవరూ మొహం చూడరు. నీలం యూనిఫాం, చేతిలో పనిముట్ల సంచి, భుజాన తుడుపుగుడ్డ. సెమికోలన్ రెండు చెక్‌పోస్టులు దాటి కంట్రోల్ రూమ్‌లోకి వచ్చినా ఎవరూ పేరడగలేదు.

పెద్ద అద్దాల గది. అద్దాల అవతల నీళ్లు. పగలే అయినా ఆకాశం మసిగుడ్డలా ఉంది. వాన చప్పుడు లోపలికి రావడం లేదు, అదే ఎక్కువ భయంగా ఉంది. నీళ్ల మధ్య స్తంభం మీద ఎర్ర గీత కనిపిస్తోంది, దానికి జానెడు కిందుగా నీళ్లు నాలుకలు చాస్తున్నాయి.

కంప్యూటర్ ముందు కూర్చున్నది ప్రోగ్రామర్. తల నెరిసింది, నోరు మాత్రం ఇంకా పడుచుగానే ఉంది. గేట్లు నడిపే అసలు ప్రోగ్రాం ఆయన రాసిందే. వినేవాడు దొరికితే చాలు, ఏసీ మెకానిక్ అయినా ఫర్వాలేదు అన్నట్టున్నాడు.

"చూడవయ్యా, ఇది నా సీ ప్రోగ్రాం. ముప్పై ఏళ్లుగా ఒక్కసారి కూడా బోల్తా పడలేదు. కాకపోతే మొండిది. ఒక్క రూలు మార్చాలన్నా ప్రోగ్రామంతా ఆపి మళ్లీ కంపైల్ చెయ్యాలి, అంటే మెషిన్ భాషలోకి మార్చాలి. వానాకాలంలో డ్యామ్‌ని ఆపుతామా? అందుకని దీని కడుపులో ఇంకో చిన్న భాషని పెట్టుకున్నాం. ఇదిగో, ఈ విండోలో రూలు టైప్ చేసి ఎంటర్ కొడితే చాలు. ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది, రూలు మారిపోతుంది."

"మీ ప్రోగ్రాం ఇల్లయితే అది అద్దెకొచ్చినట్టా సార్?" అన్నాడు సెమికోలన్, ఏసీ మూత విప్పుతూ.

"అద్దెకా? ఇల్లరికం! నా ప్రోగ్రాం మామగారు, ఇది ఇల్లరికపు అల్లుడు. మామగారి ఇంట్లోనే తిండి, మామగారి మెమరీలోనే పడక. మోటార్లని తనంతట తాను ముట్టుకోలేదు. నేను పేరు పెట్టి ఇచ్చిన ఫంక్షన్లే పిలుచుకోవాలి. నీళ్లెంతున్నాయో 'చూడు', సైరన్ 'మోగించు', గేటు 'ఎత్తు', గేటు 'దించు'. ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలే పెట్టాను."

"ఒకేసారి గేట్లన్నీ ఎత్తమంటేనో?"

"రెండుకి మించకూడదని ఒక రూలుంది. మునుపు నా సీ కోడ్‌లోనే ఉండేది. కాలాన్ని బట్టి మార్చుకుంటామని ఆపరేటర్లు గోల పెడితే దాన్నీ అల్లుడికే అప్పజెప్పాను."

"అల్లుడు మంచివాడేనా?"

"కంపెనీ సంబంధం. కంపైల్ చేసిన లైబ్రరీగా ఇచ్చారు. సోర్స్, అంటే వాళ్లు రాసిన అసలు కోడ్, చూపించరు. నా కోడ్ ప్రతి లైనూ వాళ్లు ఆడిట్ చేశారు, వాళ్లదేమో మనం అడగ్గూడదట!" అని ప్రోగ్రామర్ మూతి తిప్పాడు.

మామూలు రోజైతే సెమికోలన్ చెవులు అక్కడే నిక్కబొడుచుకునేవి. ఇవాళ అతని బుర్రలో ఊదారంగు స్కార్ఫ్ తప్ప ఇంకోదానికి చోటు లేదు. బయట కారు ఆగిన చప్పుడు వినగానే సంచి అందుకుని కారిడార్‌లోకి నడిచాడు. అతను మలుపు తిరుగుతుండగా, ఆ చివరి తలుపులోంచి గ్లవ్స్ మనిషి కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లడం అతను చూడలేదు.

*

ఆమె ఒక్కతే వస్తోంది. హైహీల్స్ చప్పుడు, దాని వెనకే సెంటు వాసన. సెమికోలన్ గోడవారగా ఉన్న ఫ్యూజుల డబ్బా తెరిచి నిలబడి, పెన్ను బటన్ రెండుసార్లు నొక్కాడు.

ఆమె పక్కగా దాటబోతూ, అతని చేతిలో పెన్ను చూసి ఆగింది. స్కార్ఫ్‌కీ కాలర్‌కీ మధ్య మెడ అతనికి చేరువలో ఉంది.

"మీ గొడుగు నా దగ్గరే ఉండిపోయిందండీ," అంది మెల్లగా.

సెమికోలన్ ఒళ్లు జల్లుమంది. అది సర్వీస్ కోడ్ వర్డ్. సర్వీస్ బయట మేస్త్రీ నెట్‌వర్క్‌లో వాళ్లకి తప్ప తెలియదు. తెలిసిందంటే మేస్త్రీ చెప్పయినా ఉండాలి, చెప్పించయినా ఉండాలి.

"వంకర పిడిదేనా?" అన్నాడు పెన్ను దించకుండా.

"పిడి విరిగిపోయింది." జవాబు సరిపోయింది. ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. "నన్ను కొనుక్కున్నామని సాలెగూడు వాళ్ల నమ్మకం. ఏడాదిగా మేస్త్రీగారికి కబుర్లు అందిస్తున్నాను. సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నా ప్రాణం మీదికి వస్తుందని. ఆ పెన్ను ఏంటో నాకు తెలుసు. గుచ్చేముందు ఒక్క మాట వినండి. ఆయన మంచి మనిషి. నాలాంటి దాన్ని కూడా ఒక్కనాడు నువ్వు అన్లేదు. ఎప్పుడూ అమ్మా, మీరు, రండి, అనేవారు."

సూది మెడకి దగ్గర్లోనే ఆగిపోయింది.

నిజమే. మేస్త్రీ కాఫీ తెచ్చినావిడ కోసం లేచి నిలబడతాడు. హాస్టల్లో పిల్లి పాలు తాగేస్తే "పిల్లిగారు వచ్చి వెళ్లారు" అనేవాడు, ఎగతాళికి కాదు, అలవాటుగా. అలాంటివాడు ఒక ఆడమనిషి గురించి అమ్ముడుపోయింది, లోపలే ఉంది అని రాస్తాడా? చచ్చిపోతూ కూడా అమ్ముడుపోయారు అనే రాస్తాడు.

"మీరు కాక ఇక్కడ ఇంకో ఇంటర్‌ప్రెటర్ ఉన్నారా?" అని అడిగి, ఆమె నోరు తెరిచేలోగా తనే గోడకి చేరగిలబడ్డాడు. "ఉన్నారు కాదు. ఉంది!"

ప్రోగ్రాం కడుపులో కూర్చుని, రూళ్లని ఒక్కో లైనూ చదివి, వాటికి అర్థం చెప్పి చేయించేదాన్ని ఏమంటారు? ఇంటర్‌ప్రెటర్ అనే. ఏళ్ల తరబడి సీ రాసిన తనకి ఆ మాట నాలుక చివరే ఉండాలి. ప్రోగ్రామర్ అల్లుడు, అల్లుడు అంటూంటే తను తల ఊపుతూ నిలబడ్డాడు. మామగారి కోడ్ అందరూ చూశారు. రూళ్లు అందరూ చదివారు. వాటిని చదివిపెట్టేవాణ్ణి మాత్రం ఎవరూ చదవలేదు. సాలెగూడు కొనుక్కున్నది వాణ్ణి. సిగ్గుతో, భయంతో సెమికోలన్ చెవులు వేడెక్కాయి. ఇంకొక్క అంగుళం కదిలి ఉంటే, ఊరిని కాపాడగల మనిషిని తన చేత్తోనే చంపేవాడు.

"ఇది ఆయనకి చెప్పింది నేనే," అంది దుబాసీ. "ఎలా ఆపాలో మాత్రం నాకు తెలీదు."

"నాకూ తెలీదు. పదండి."

*

కంట్రోల్ రూమ్ తలుపు లోపల గడియ వేసి ఉంది. దుబాసీ తన దొరల భాషలో ఏదో విసుగ్గా అరిచింది. గడియ తీసింది కాంటీన్ రికార్డింగ్‌లో చూసిన గ్లవ్స్ మనిషే. ఆపరేటర్లెవరూ లేరు. ప్రోగ్రామర్ కుర్చీలో కొయ్యబారి ఉన్నాడు. అద్దాల అవతల నీళ్లు ఎర్ర గీతకి బెత్తెడు కిందుగా ఉన్నాయి.

గ్లవ్స్ మెకానిక్‌ని చూసి కోపంగా ఏదో అన్నాడు. దుబాసీ సెమికోలన్ వైపు తిరిగి, పనివాణ్ణి కసిరే గొంతుతోనే చెప్పింది:

"నిన్ను బయటికి పొమ్మంటున్నాడు. పిస్తోలు కుడి జేబులో ఉంది. పాస్‌వర్డులన్నీ మార్చేశాడు. నీళ్లు గీత తాకగానే గేట్లన్నీ వాటంతటవే లేస్తాయి. అది చూసి వెళ్దామని ఉన్నాడు."

గ్లవ్స్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ప్రోగ్రామర్‌కి మాత్రం అర్థమై, ఉన్న కాస్త రంగూ మొహంలోంచి దిగిపోయింది.

సెమికోలన్ చేతులు జోడించి, వంగి, బతిమాలుతున్నట్టు అన్నాడు: "ఏసీలోంచి నీళ్లు కారి కంప్యూటర్ మీద పడుతున్నాయని చెప్పండి. తడిస్తే ఆగిపోతుందని చెప్పండి. తుడవనివ్వమనండి."

ఆమె చెప్పింది. గ్లవ్స్ పైకి చూశాడు. సెమికోలన్ ఇందాక మూత విప్పి వదిలేసిన ఏసీ నిజంగానే చుక్కలు రాలుస్తోంది. ఆ గదిలో ఆ కంప్యూటర్ బతికుండాలని అందరికంటే ఎక్కువగా కోరుకుంటున్నది గ్లవ్సే. త్వరగా కానిమ్మని చెయ్యి ఊపాడు.

సెమికోలన్ తుడుపుగుడ్డ కీబోర్డ్ మీద పరిచాడు. స్క్రీన్ మీద రూళ్ల విండో తెరిచే ఉంది. దాన్ని మూయాలని గ్లవ్స్‌కి తోచలేదు. తన అల్లుడు కూర్చున్న గదికి తాళం ఎందుకు అనుకుని ఉంటాడు.

"సార్," అన్నాడు తుడుస్తూ, ప్రోగ్రామర్ వైపు చూడకుండా. "కరెంటు తీసేస్తే?"

"జనరేటర్ అందుకుంటుంది," అన్నాడు ప్రోగ్రామర్ పెదాలు కదపకుండా. "ప్రోగ్రాం ఆపాలన్నా పాస్‌వర్డ్ కావాలి. కొంప మునిగిందయ్యా."

గ్లవ్స్ చటుక్కున తిరిగాడు. దుబాసీ నవ్వి ఏదో చెప్పింది. ఆ ముసలాయన బాత్రూమ్‌కి వెళ్తానంటున్నాడని చెప్పినట్టుంది, గ్లవ్స్ పళ్లు బయటపెట్టాడు.

సెమికోలన్ బుర్ర చకచకా పనిచేస్తోంది. అమ్ముడుపోయిన ఇంటర్‌ప్రెటర్‌కి మోటార్లు తెలియవు. గేట్లు లేపాలంటే దానికీ మామగారిచ్చిన పేరే దిక్కు. 'ఎత్తు' అని పిలవాలి. పిలిచినప్పుడు ఆ పేరుతో ఎవరు పలికితే వాళ్లే వస్తారు. ఈ చిన్న భాషల్లో ఫంక్షన్ కూడా ఒక విలువే, ఏ పేరుకి ఏ పని తొడిగితే ఆ పేరు పిలిచినప్పుడు అదే జరుగుతుంది. మారువేషాలు వేసి బతికే మనిషికి ఇంతకన్నా సొంత విద్య ఏముంది?

అద్దం అవతల గీతకీ నీటికీ మధ్య ఒక వేలు సందు మిగిలింది. అక్క ఈపాటికి పిల్లలకి అన్నం పెడుతూ ఉంటుంది. అత్తగారిని గోడవైపు ఒత్తిగిలి పడుకోబెట్టి ఉంటుంది.

"అటు చూడమనండి," అన్నాడు.

దుబాసీ అద్దం దగ్గరికి వెళ్లి, స్కార్ఫ్ సర్దుకుంటూ, ఆశ్చర్యంగా వేలు చూపించింది. గ్లవ్స్ ఆమె పక్కకి నడిచాడు.

గుడ్డ కింద గుడ్డిగా, వేళ్ల గుర్తుతో, సెమికోలన్ టైప్ చేశాడు. ఎత్తు = దించు. పాత అలవాటు చొప్పున చిటికెన వేలు చివర ఒక సెమికోలన్ కూడా కొట్టేసింది. ఈ భాషకి అది అక్కర్లేదు. ఉంటే ఊరుకుంటుందో, తప్పని తిప్పి కొడుతుందో అతనికి తెలియదు. చెరపడానికి టైము లేదు. ఎంటర్ నొక్కాడు.

స్క్రీన్ ఒక్కసారి మిణుకుమంది. తప్పని అనలేదు. మరో లైను కోసం కర్సర్ నిలబడింది.

అప్పుడే నీళ్లు ఎర్ర గీతని మింగేశాయి.

కింద ఎక్కడో మోటార్లన్నీ ఒకేసారి గర్జించాయి. నేల అదిరింది. ప్రోగ్రామర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గ్లవ్స్ రెండు చేతులూ అద్దానికి ఆనించి కిందికి చూస్తున్నాడు, బొమ్మ కొనిపెట్టిన పిల్లాడిలా.

గేట్లు లేవలేదు. అప్పటికే మూసి ఉన్నవి ఇంకా కిందికి నొక్కుకుని, తమ గాడిలో బిగుసుకుపోయాయి. సాలెగూడు కొనుక్కున్న అల్లుడు ఎత్తు, ఎత్తు, ఎత్తు అని ప్రతి గేటునీ పేరుపేరునా పిలుస్తున్నాడు. పిలిచిన ప్రతిసారీ దించు పరిగెత్తుకొచ్చి తన పని తాను చేసి పోతోంది. కాసేపటికి మోటార్లు ఆగాయి. గదిలో ఏసీ చుక్కల చప్పుడు వినిపించింది.

గ్లవ్స్ మెల్లగా వెనక్కి తిరిగాడు. తుడుపుగుడ్డ చూశాడు, స్క్రీన్ మీద ఆ ఒక్క లైనూ చూశాడు. కుడి చెయ్యి జేబులోకి వెళ్లింది. బయటికి రాలేదు. సెమికోలన్ పెన్ను కారిడార్‌లోనే దుబాసీ చేతిలోకి మారింది, ఆమె దాన్ని గ్లవ్స్ మెడలోంచి తీసి, గుడ్డకి తుడిచి, మర్యాదగా తిరిగి ఇచ్చింది.

"మేస్త్రీగారి తరఫున," అంది. ఆ తర్వాత నేల మీదే కూర్చుని, సెంటూ స్కార్ఫూ అన్నీ మరిచిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. సెమికోలన్ ఆమె పక్కనే కూర్చున్నాడు. అతనికీ కళ్లు నిండాయి. ఈసారి ఆపుకోలేదు.

ప్రోగ్రామర్ మాత్రం కుర్చీలోంచి లేచి, గ్లవ్స్ జేబులో దొరికిన పాస్‌వర్డుల చీటీ ముందు పెట్టుకుని చొక్కా చేతులు మడిచాడు. "అల్లుణ్ణి గెంటేస్తున్నా. నా పాత ప్రోగ్రామే ఎక్కిస్తా. ముందు సైరన్ మోగించి, ఆ తర్వాత రెండే రెండు గేట్లు, కొంచెం కొంచెం. ఎవరు చెప్పినా మూడోది ఎత్తను."

సాయంత్రానికి నీళ్లు గీత కిందికి దిగాయి. వాన వెలిసింది. సాలెగూడు మనుషులు ఎయిర్‌పోర్ట్‌లో ఒక్కొక్కరే దొరుకుతున్నారని, ఇక ఎవరికి కావాలంటే వాళ్లకి ఫోన్ చేసుకోవచ్చని బాబాయ్ దగ్గర్నుంచి కబురొచ్చింది.

సెమికోలన్ డ్యామ్ మీద రెయిలింగ్‌కి ఆనుకుని అక్కకి ఫోన్ కలిపాడు. రింగ్ అవుతున్నంతసేపూ ఊపిరి తీసుకోలేదు.

"ఏరా, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?" అక్క గొంతు వినగానే అతను రెయిలింగ్ పక్కనే కూర్చుండిపోయాడు. వెనకాల పిల్లలు కొట్టుకుంటున్నారు. అత్తగారు ఎవరినో కేకేస్తున్నారు. అంతా మామూలుగానే ఉంది.

"ఎలా ఉన్నారక్కా?"

"ఏం ఉండటం! రెండ్రోజులైంది, కుళాయిలో చుక్క నీళ్లు రావట్లేదు. ఏరు చూస్తే ఒడ్లు దాటేలా ఉంది, బిందె చూస్తే ఎండిపోయింది. నువ్వు గవర్నమెంట్ ఉద్యోగివేగా, ఆ నీళ్ల డిపార్ట్‌మెంట్‌లో నీకు తెలిసినవాళ్లు ఒక్కళ్లయినా లేరట్రా? కాస్త నీళ్లు వదలమని చెప్పకూడదూ!"